“నీళ్లు బాగా తాగు” అంటే ఎంత తాగాలి?

ఆగస్టు దగ్గర పడుతోందంటే మా రన్నింగ్ గ్రూపులో కొత్తవాళ్ల ప్రశ్నలు మారిపోతాయి. ఏప్రిల్‌లో షూస్ గురించి అడిగినవాళ్లు ఇప్పుడు నీళ్ల గురించి అడుగుతారు. సీనియర్ల దగ్గర రెడీగా ఉండే జవాబు ఒక్కటే: “నీళ్లు బాగా తాగమ్మా, ఏం కాదు.” ఈ మాట వింటేనే నాకు చిరాకు. బాగా అంటే ఎంత? గంటకి ఒక గ్లాసా, ఒక లీటరా? ఉత్త నీళ్లా, ఏమైనా కలుపుకోవాలా? 10 కిలోమీటర్లు పరిగెత్తి ఇంటికెళ్లి టిఫిన్ చేసేవాళ్లకీ, ఫుల్ మారథాన్‌లో (42 కిలోమీటర్లు) ఐదు గంటలు రోడ్డు మీద ఉండేవాళ్లకీ ఒకటే మాటా? వంటల పుస్తకంలో “ఉప్పు తగినంత” అని రాసినట్టుంటుంది, వంట వచ్చినవాళ్లకి అక్కర్లేదు, రానివాళ్లకి పనికిరాదు.

అందుకే నాకు తెలిసిందంతా ఒకచోట రాసి పెడుతున్నా. ఒక మాట ముందే చెప్పాలి, నేను డాక్టర్‌ని కాదు. బీపీ, షుగర్, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్లు ఇక్కడి ఉప్పు, చక్కెర లెక్కలు చూసి మొదలుపెట్టేయకండి, మీ డాక్టర్‌ని అడగండి.

మన దగ్గర అసలు పరీక్ష హైదరాబాద్ మారథాన్. 2011లో మొదలైంది, ఆగస్టు నెలాఖర్లో పెడతారు. ఫుల్ పరిగెత్తేవాళ్లు చీకటితోనే నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర బయల్దేరి గచ్చిబౌలి స్టేడియంలో తేలతారు, మధ్యలో ఫ్లైఓవర్లు, ఎత్తులు, పల్లాలు. బయటి ఊళ్లవాళ్లు ఆ ఎత్తుల గురించే భయపడతారు గానీ దెబ్బ కొట్టేది తేమ. ఆ టైములో ఎండ ఉండదు, పాతిక డిగ్రీల చుట్టూ ఉంటుంది, బయల్దేరేటప్పుడు హాయిగానే అనిపిస్తుంది. కానీ గాలిలో తేమ 80 శాతం దాటితే కారిన చెమట సరిగ్గా ఆరదు. ఒళ్లు చల్లబడేది చెమట కారడం వల్ల కాదు, ఆరడం వల్ల. ఆరకపోతే లోపలి వేడి తగ్గదు, తగ్గట్లేదు కాబట్టి ఒళ్లు ఇంకా చెమట పోస్తుంది, అదీ ఆరదు, చివరికి సాక్సులు పిండితే నీళ్లు కారే స్థితికి వస్తారు. విశాఖ బీచ్ రోడ్డు మీద ప్రాక్టీసు చేసేవాళ్లకి ఈ ఉక్కపోత పాత చుట్టమే, వాళ్లు ఇక్కడికొచ్చి ఫ్లైఓవర్లని తిట్టుకుంటారు గానీ తేమని కాదు.

మీకు ఎంత చెమట పోతుందో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు, ఇంట్లో బరువు చూసుకునే మెషిన్ చాలు. పరుగుకి ముందు బట్టలు లేకుండా బరువు చూసుకోండి. ఒక గంటో గంటన్నరో మీ మామూలు లాంగ్ రన్ పేస్‌లో (వారానికోసారి చేసే పొడుగు పరుగు వేగంలో) పరిగెత్తి వచ్చి, ఒళ్లు బాగా తుడుచుకుని, మళ్లీ బట్టలు లేకుండానే చూసుకోండి. (తడిసిన టీషర్టుతో చూసుకుంటే ఉపయోగం లేదు, పోయిన చెమటలో కొంత దాంట్లోనే ఉంటుంది.) తగ్గిన ప్రతి కిలోకి దాదాపు లీటరు చెమట, దానికి మధ్యలో తాగింది కలపాలి. నాకు వానాకాలంలో గంటన్నరకి 1.1 కిలో తగ్గుతుంది, మధ్యలో అర లీటరు తాగుతాను, అంటే 1.6 లీటర్ల చెమట, గంటకి లీటరు పైచిలుకు. డిసెంబరులో అదే రోడ్డు, అదే పేస్, చెమట మాత్రం సగానికి కాస్త ఎక్కువ. మా గ్రూపులో నాకంటే ముప్పై కిలోలు ఎక్కువున్న ఒక అన్నకి గంటకి రెండు లీటర్ల దాకా పోతుంది. మా ఇద్దరికీ ఒకే సలహా ఎలా సరిపోతుంది చెప్పండి.

అలాగని పోయిందంతా అప్పటికప్పుడు తాగేయక్కర్లేదు, తాగలేరు కూడా. పరిగెడుతున్నప్పుడు గంటకి లీటరు చాలామంది కడుపులకి పట్టదు, అడుగేసినప్పుడల్లా లోపల గుడగుడ. ఒంటి బరువులో 2 శాతం దాకా తగ్గితే పెద్ద తేడా తెలియదు, అది దాటాక, అందులోనూ ఉక్కపోతలో, పేస్ పడిపోవడం మొదలవుతుంది. నేను 58 కిలోలు. వానాకాలంలో గంటకి 600 మిల్లీలీటర్ల చుట్టూ తాగుతాను, పావుగంటకోసారి నాలుగైదు గుటకలు. ఫుల్ అయ్యేసరికి 3 శాతం పైన తగ్గుతాను. అందులో కొంత కండరాల్లో కరిగిన గ్లైకోజెన్‌ది (ఒంట్లో నిలవుండే చక్కెర), దాంతోపాటు నిలవున్న నీటిది, కాబట్టి నాకది ఇబ్బందిగా అనిపించదు. చలికాలంలో ఈ లెక్కలేం పెట్టుకోను, దాహమైనప్పుడు తాగుతా, అంతే.

ఇప్పుడు “బాగా తాగు” అనే మాట మీద నా కోపానికి అసలు కారణం. ఎక్కువ తాగితే ఏమవుతుంది, మహా అయితే ఒంటేలుకి వెళ్లాల్సొస్తుంది అనుకుంటారు. అలా కాదు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం ఫినిష్ దగ్గర పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం ఉండాల్సినదాని కంటే తక్కువుంది. దీన్ని హైపోనెట్రీమియా అంటారు, లీటరుకి 135 మిల్లీమోల్స్ కంటే కిందికి పడితే. ఆ లెక్కలన్నీ 2005లో అచ్చయ్యాయి. ఎవరికి వచ్చిందో చూస్తే, పరుగులో బరువు పెరిగినవాళ్లకి, నాలుగు గంటలు దాటి పరిగెత్తినవాళ్లకి. పరిగెడితే బరువు పెరగడమేంటి అనకండి, పోయిన చెమట కంటే తాగిన నీళ్లు ఎక్కువైతే పెరుగుతుంది మరి. అదే రేస్‌లో ఒక మహిళా రన్నర్ దీనివల్లే చనిపోయింది కూడా.

ఇది ముందు పరిగెత్తే బక్కపల్చటి కుర్రాళ్ల సమస్య కాదని గమనించండి. వాళ్లకి తాగే తీరికే ఉండదు. ముప్పంతా వెనకాల నడుస్తూ, పరిగెడుతూ వచ్చే మనలాంటివాళ్లకి. చెమట తక్కువ, టైము ఎక్కువ, దారిలో నీళ్లిచ్చే ప్రతి స్టేషన్ దగ్గరా ఆగుతాం, ప్రతి చోటా ఒక కాలేజీ పిల్ల “తాగండి మేడమ్, ఇంకో కప్పు తీసుకోండి మేడమ్” అని ప్రేమగా చేతిలో పెడుతుంది, కాదనలేం. కడుపు ఉబ్బరంగా ఉండి, వేలికున్న ఉంగరం బిగుసుకుని, తలనొప్పి, వికారం మొదలైతే తాగడం ఆపాలి. ఆ తర్వాతి దశలో తికమకగా మాట్లాడటం, ఫిట్స్. ఎవరైనా అలా కూలబడితే డీహైడ్రేషన్ అని మనమే తేల్చేసి నోట్లో నీళ్లు పోయకూడదు, మెడికల్ టీమ్‌ని పిలవాలి.

సరదాకి చెప్తున్నా, వందేళ్ల కింద దీనికి పూర్తిగా రివర్సు. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్ మారథాన్‌ని మండుటెండలో దుమ్ము రోడ్డు మీద పెట్టి దారిలో నీళ్లు దాదాపు ఇవ్వలేదు. 32 మంది బయల్దేరితే 14 మందే చేరారు. గెలిచిన థామస్ హిక్స్ నీళ్లడిగితే ఇవ్వకుండా గుడ్డు తెల్లసొనలో స్ట్రిక్నైన్ కలిపిచ్చారు, అది విషం. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు 15 కిలోమీటర్లు దాటేదాకా నిర్వాహకులు ఏమీ ఇవ్వకూడదనే అంతర్జాతీయ నియమం ఉండేది. అప్పుడు తాగొద్దన్నారు, తర్వాత దాహం వేయకముందే తాగెయ్యమన్నారు, ఇప్పుడు దాహాన్ని బట్టి తాగమంటున్నారు. నాకైతే దాహంతో పాటు బరువు లెక్క కూడా తెలిసుండటం నయమనిపిస్తుంది.

ఇక ఉప్పు. చెమటలో సోడియం మనిషి మనిషికీ మారుతుంది, లీటరుకి 200 మిల్లీగ్రాముల నుంచి 2000 దాకా ఉండొచ్చు, చాలామందికి గ్రాము దరిదాపుల్లో. మీది ఏ రకమో టోపీ చెబుతుంది. ఆరాక తెల్లటి చారలు కట్టాయా, కళ్లలోకి కారితే మంటెత్తుతోందా, అయితే మీది ఉప్పు చెమట. నా నల్ల టీషర్టుల మీద ఉప్పుపొలం కనిపిస్తుంది. గంటలోపు పరుగుకి ఇదేం పట్టించుకోనక్కర్లేదు, ఇంటికెళ్లి తినే ఆవకాయన్నం చూసుకుంటుంది. రెండు గంటలు దాటితే మాత్రం తాగేదాంట్లో కొంత ఉప్పు ఉండాలి. ఇంకో సంగతి, పిక్కలు పట్టేస్తే అది ఉప్పు తక్కువై అని అందరూ అంటారు, అన్నిసార్లూ కాదు. అలవాటు లేని పేస్‌లో పరిగెత్తితే ఎంత ఉప్పు తాగినా పట్టేస్తాయి. ఆగి, కాస్త లాగి పట్టుకుంటే వదులుతాయి.

ఇక్కడ ఓఆర్ఎస్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన రన్నర్లు అన్నిటికంటే ఎక్కువ కన్ఫ్యూజ్ అయ్యేది దీని దగ్గరే. ఓఆర్ఎస్ వెనకున్న సూత్రం చాలా అందమైనది: పేగులో గ్లూకోజ్, సోడియం కలిసి లోపలికి పోతాయి, వాటి వెంట నీళ్లు కూడా పోతాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వేళ బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చి సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించి వేలమందిని బతికించారు. 2023లో ఆయనకి పద్మవిభూషణ్ ఇచ్చారు, అప్పటికే పోయారు. ఇప్పుడున్న డబ్ల్యూహెచ్ఓ ఫార్ములాలో లీటరు నీళ్లకి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, ఇంకా పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ ఉంటాయి.

అది విరేచనాలకి మందు. పరుగుకి పనికొస్తుందా అంటే, సగం. ఉప్పు దండిగా ఉంది, శక్తి లేదు. లీటరంతా తాగినా వచ్చేది 13.5 గ్రాముల చక్కెర, అది మారథాన్‌లో పావుగంటకి కూడా చాలదు. నేను ఎలక్ట్రాల్ ప్యాకెట్ వాడతాను, కానీ తిండి వేరేగా ఉన్నప్పుడే. ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి, “స్ట్రాంగ్‌గా ఉంటుంది” అని అర లీటరులో కలిపితే కడుపు తిరగబడుతుంది.

మెడికల్ షాపులో ఫ్రిజ్‌లో అమ్మే రంగురంగుల టెట్రా ప్యాకెట్లు ఇంకో కథ. పేరులో ఓఆర్ఎస్ అని ఉండేది, లోపల మాత్రం పళ్లరసం రుచి, చక్కెర ఎన్నో రెట్లు ఎక్కువ, ఉప్పు తక్కువ. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ల తరబడి పోరాడితే 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ఆ పేరు అలా వాడకూడదని చెప్పింది. రన్నర్లకి అది విషమేం కాదు, నిజానికి చక్కెర మనకి కావలసిందే. కానీ ఉప్పు కోసం తాగుతున్నానని అనుకుంటూ తీపి నీళ్లు తాగకండి. వెనక అంటించిన చిన్న అక్షరాలు చదవండి, సోడియం ఎంతో అక్కడే ఉంటుంది.

కొబ్బరి బోండాం మీద కూడా మనవాళ్లకి భక్తి ఎక్కువ. నాకూ ఇష్టమే. పొటాషియం బోలెడు, కానీ చెమటలో ప్రధానంగా పోయేది సోడియం, బోండాంలో అది తక్కువ. పరుగు అయ్యాక ఉప్పున్న తిండితో పాటు తాగితే అద్భుతం, 25వ కిలోమీటరు దగ్గర దాని మీదే ఆధారపడితే కాదు. గ్లూకోన్-డి దీనికి ఇంకో వైపు, అందులో శక్తి ఉంది, ఉప్పు దాదాపు లేదు. చిటికెడు ఉప్పేసుకుంటే ఆ లోటూ తీరుతుంది, స్కూల్లో ఆటల పోటీలప్పుడు మా పీఈటీ సార్ అలాగే కలిపించేవారు.

నా సీసాలో ఉండేది ఇది: అర లీటరు నీళ్లు, 30 గ్రాముల పంచదార, ఒక గ్రాము ఉప్పు, అర నిమ్మకాయ. వంటింటి స్కేల్ ఉంటే తూచుకోండి, లేకపోతే పంచదార ఆరేడు టీస్పూన్లు, ఉప్పు రెండు వేళ్లతో తీసిన చిటికెళ్లు మూడు. గ్రాము ఉప్పులో 400 మిల్లీగ్రాములకి కొంచెం తక్కువ సోడియం ఉంటుంది, అంటే లీటరుకి 780 దాకా, నా చెమటకి దగ్గరే. పంచదార 6 శాతం, కడుపుకి తేలిగ్గా పట్టే చిక్కదనం. దీని ఖర్చు ఐదారు రూపాయలు. జెల్స్ (పరుగులో చప్పరించే చిక్కటి చక్కెర పాకం ప్యాకెట్లు) అమ్మేవాళ్లకి నా మీద కోపం రావచ్చు. పంచదార అనగానే మొహం చిట్లించి బెల్లం వేసుకోవచ్చా అని అడుగుతారు, వేసుకోండి, అదీ ఎక్కువ భాగం పంచదారలో ఉండే సుక్రోజే. నీళ్లలో నలక తేలుతుంది, వడకట్టుకోండి. ఆరోగ్యం పేరుతో తేడా ఏదో ఉందనుకోవద్దు, మూడు గంటల పరుగులో కండరం అది బెల్లందా, పంచదారదా అని అడగదు.

ఇక తిండి సంగతి. ఒక కిలో బరువు ఒక కిలోమీటరు పరిగెత్తడానికి దాదాపు ఒక కేలరీ. నాకు 42.195 కిలోమీటర్లకి 2450 దాకా. ఒంట్లో నిలవుండే గ్లైకోజెన్ నుంచి వచ్చేది 2000కి అటూ ఇటూ. కొవ్వు కూడా కరుగుతుంది, కానీ నెమ్మదిగా, మన పేస్‌కి తగినంత వేగంగా అందదు. అందుకే చాలామందికి 30, 32 కిలోమీటర్ల దగ్గర కాళ్లు సీసం పోసినట్టు ఆగిపోతాయి. చుట్టుపక్కలవాళ్ల మీద చిరాకు, ఏడుపు, ఎందుకొచ్చానురా దేవుడా అని. మెదడుకి చక్కెర అందట్లేదన్నమాట. 1924 బోస్టన్ మారథాన్ చివర్లో రన్నర్ల రక్తం పరీక్షిస్తే కొందరికి చక్కెర బాగా పడిపోయి ఉంది, మరుసటి ఏడాది దారిలో క్యాండీ తినమని చూస్తే పరిస్థితి మెరుగైంది. వందేళ్ల కిందటే తేలిపోయిన విషయాన్ని మనం ఇంకా “ఖాళీ కడుపుతో పరిగెడితే కొవ్వు కరుగుతుంది కదా” అని చర్చించుకుంటున్నాం.

గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బ్స్ (పిండి పదార్థాలు, చక్కెరలు), ఇది రెండు మూడు గంటల పరుగుకి మామూలు లెక్క. గ్లూకోజ్ ఒక్కటే అయితే పేగు గంటకి 60 గ్రాముల దగ్గర ఇక చాలంటుంది, ఆపైన తీసుకున్నది కడుపులోనే ఉండి అల్లరి చేస్తుంది. ఫ్రక్టోజ్ (పళ్లలో ఉండే చక్కెర) లోపలికి పోయే దారి వేరు, అందుకే రెండూ కలిపితే 90 దాకా తీసుకోవచ్చు, వేగంగా పరిగెత్తేవాళ్లు అలాగే తీసుకుంటారు. పంచదారలో ఈ రెండూ సగం సగం ఉన్నాయన్నది మర్చిపోకండి. నాలాంటివాళ్లకి 45, 50 చాలు. నా సీసాతోనే గంటకి 30 పైన వస్తుంది, మిగతాది తినాలి.

ఏం తినాలి? మధ్యరకం అరటిపండులో 25 గ్రాములు. మామూలు ఖర్జూరాలు మూడు తింటే 15 పైన, గింజలు ఇంట్లోనే తీసి పెట్టుకోండి, పరిగెడుతూ గింజ ఉమ్మే విద్య నాకు రాలేదు. జెల్ ఒక్కోదాంట్లో 20 నుంచి 25, ఖరీదు వంద రూపాయల చుట్టూ, దాంతోపాటు నీళ్లు తాగాలి, తీపి డ్రింక్ కాదు, లేకపోతే కడుపులో పాకం తయారవుతుంది. పల్లీ చిక్కీ అందరూ జేబులో పెట్టుకుంటారు గానీ పల్లీల్లో నూనె ఉంది, అరగడానికి టైము పడుతుంది, నమలడానికి నోట్లో తడి ఉండదు. రేస్ అయ్యాక తినండి. ఉడకబెట్టి ఉప్పు చల్లిన బంగాళాదుంప ముక్కలు నాకు చాలా ఇష్టం, నాలుగు గంటలయ్యేసరికి తీపి అంటేనే వెగటు పుడుతుంది, అప్పుడు ఆ ఉప్పు దుంప అమృతమే. దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ అని దాదాపు 90 కిలోమీటర్ల రేస్ ఉంది, 1921 నుంచి జరుగుతోంది, అక్కడ కూడా దారిలో ఉప్పు వేసిన దుంపలు పెడతారు. మన అల్ట్రాల్లో (మారథాన్ కంటే పొడుగు రేసుల్లో) చిన్న చిన్న పులిహోర ముద్దలు పెడితే నేను మొదటి వరసలో ఉంటా. అన్నం, ఉప్పు, పులుపు, ఇంకేం కావాలి. పోపు మాత్రం తక్కువ వేయమనండి.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఎంత తినాలన్నదాని కంటే ముఖ్యం. నీరసం వచ్చాక తింటే అది ఒంటికి పట్టేలోపు మీరు నడక మొదలుపెట్టేసి ఉంటారు. మొదటి అరగంట, నలభై నిమిషాలకే మొదలుపెట్టి అరగంటకోసారి కొంచెం కొంచెం. ఆ టైముకి అస్సలు ఆకలి ఉండదు, అయినా తినాలి. వాచ్‌లో అలారం పెట్టుకోండి.

కడుపుని కూడా ప్రాక్టీసు చేయించాలి. “నాకు పరిగెడితే ఏదీ పడదు” అనేవాళ్లలో ఎక్కువమంది ఎప్పుడూ ప్రయత్నించనివాళ్లే. ఆదివారం లాంగ్ రన్‌లో రేస్‌లో తినబోయేదే తినాలి, అదే సీసా, అదే టైము, మొదట గంటకి 20 గ్రాములతో మొదలుపెట్టి వారాలు గడిచేకొద్దీ పెంచాలి. రేస్ ముందు జరిగే ఎక్స్‌పోలో ఫ్రీగా ఇచ్చిన కొత్త జెల్ రేస్ రోజు తినేవాళ్లకి చేతులెత్తి దండం.

లాంగ్ రన్‌లో సీసాలు ఎక్కడ పెట్టుకోవాలన్నది ఇంకో తలనొప్పి. నడుము బెల్టు కొందరికి ఎగిరెగిరి పడుతుంది, వీపు మీద సీసాలు పెట్టుకునే వెస్ట్ ఆగస్టు ఉక్కలో నాకు కంబళి కప్పుకున్నట్టే. నేను కేబీఆర్ పార్కు చుట్టూ లూపులు వేసుకుంటా, మధ్యలో ఒక టీ కొట్టు ఉంది. కొట్టతను నన్ను దూరం నుంచే చూసి “అక్కా, మీ సీసా ఫ్రిజ్‌ల పెట్టిన” అని కేకేస్తాడు. పరుగయ్యాక అక్కడే చాయ్, ఇరానీ బిస్కెట్లు. ఇంతకంటే మంచి ఎయిడ్ స్టేషన్ నేను ఏ రేస్‌లోనూ చూడలేదు.

ఆడవాళ్లం మనకి వేరే లెక్క ఉంది, దాని గురించి మగ కోచ్‌లు ఎవరూ మాట్లాడరు. తెల్లవారుజాము నాలుగున్నరకి రోడ్డెక్కితే ఎనిమిదింటిదాకా టాయిలెట్ దొరకదు. మగవాళ్లకి చెట్టుంది. అందుకని మా గ్రూపులో చాలామంది అమ్మాయిలు ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు తగ్గించేస్తారు, పరుగులో పెదవులు తడుపుకుని ఊరుకుంటారు, తర్వాత రోజంతా తలనొప్పి. ఇది క్రమశిక్షణ లేకపోవడం కాదు, ఊళ్లో టాయిలెట్లు లేకపోవడం. నేను చేసేది, లేవగానే, అంటే బయల్దేరడానికి రెండు గంటల ముందు, ఒకేసారి 400 మిల్లీలీటర్లు తాగేస్తా, ఎక్కువైంది బయల్దేరేలోపే పోతుంది. ఆ తర్వాత స్టార్ట్ ముందు రెండు గుటకలే. రూట్ కూడా పెట్రోల్ బంకులని చూసుకునే గీసుకుంటాం. నైట్ డ్యూటీ కుర్రాళ్లు చాలావరకు తాళం ఇచ్చేస్తారు, “వాడుకోండి మేడమ్” అంటారు. రేసుల్లో మొబైల్ టాయిలెట్లు పెడతారు, స్టార్ట్ దగ్గర క్యూ చూస్తే అక్కడే ఒక హాఫ్ మారథాన్ అయిపోయేలా ఉంటుంది. నిర్వాహకులకి ఫీడ్‌బ్యాక్ ఫామ్‌లో ప్రతిసారీ ఇదే రాస్తున్నా.

రేస్ ముందు రోజు గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, అన్నం తినండి. కార్బ్ లోడింగ్ అంటే శనివారం రాత్రి బిర్యానీ లాగించడం కాదు, అందులో నూనె, మసాలా తెల్లారి మూడింటికి మీతో మాట్లాడతాయి. రెండు రోజుల ముందు నుంచే కిలో బరువుకి 8 నుంచి 10 గ్రాముల కార్బ్స్ అంటారు. నాకు 460 పైన. ఒక ఇడ్లీలో 8, 10 గ్రాములే, వందగ్రాముల అన్నంలో 28. లెక్కేస్తే కొండంత కనిపిస్తుంది, అందుకే రెండు పూటల అన్నం, ఇడ్లీలు, అరటిపళ్లు, పళ్లరసం అని రోజంతా పంచుకోవాలి. కూరలు, పప్పు, ఆకుకూరలు ఆ రెండు రోజులు తగ్గించండి, పీచు ఎక్కువైతే రేస్‌లో ఇబ్బంది. మా అమ్మకి ఇది అస్సలు నచ్చదు, “కూర లేకుండా ఉత్త పెరుగన్నం ఏం తింటావే” అని. బరువు కిలో, కిలోన్నర పెరుగుతుంది, ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో మూడు గ్రాముల నీటిని పట్టుకుంటుంది కాబట్టి. టెన్షన్ పడొద్దు, ఆ నీళ్లు దారిలో పనికొస్తాయి.

రేస్‌లో స్టేషన్ల మీద పూర్తిగా ఆధారపడకండి. ఒక రేస్‌లో, పేరెందుకులెండి, చివర్లో వచ్చేవాళ్లకి మూడు స్టేషన్లలో నీళ్లు అయిపోయాయి. ఖాళీ కప్పులు, మడిచేసిన టేబుళ్లు, పాపం వాలంటీర్లు తలొంచుకుని నిలబడ్డారు. ఎక్కువసేపు రోడ్డు మీద ఉండేవాళ్లకే నీళ్లు అయిపోవడం అన్యాయం, అందుకే నేను ఒక మడతపడే సీసా చేతిలో ఉంచుకుంటా. కప్పు అందుకున్నాక పైన నొక్కితే మూతిలా అవుతుంది, అప్పుడు ముక్కులోకి పోదు. తాగేముందు ఏమిటో అడగండి. మా గ్రూపులో ఒక పెద్దాయన నీళ్లనుకుని ఆరెంజ్ ఎనర్జీ డ్రింక్ నెత్తి మీద పోసుకుని మిగతా పది కిలోమీటర్లు చీమలకి భయపడుతూ పరిగెత్తారు. ఎలీట్లకి (గెలవడానికి పరిగెత్తే మేటి రన్నర్లకి) ఈ బాధలేం ఉండవు, టేబుల్ మీద వాళ్ల సొంత బాటిల్ ఉంటుంది. 2018 బెర్లిన్ మారథాన్‌లో కెన్యా రన్నర్ కిప్చోగే 2:01:39తో ప్రపంచ రికార్డు కొట్టినప్పుడు ఆయనకి బాటిల్ అందించి, అందగానే గాల్లోకి ఎగిరి గంతులేసిన వాలంటీర్ వీడియో చూడండి, నాకు రికార్డు కంటే అదే ఎక్కువ గుర్తుంది.

అయ్యాక తగ్గిన ప్రతి కిలోకి లీటరున్నర దాకా, ఒకేసారి కాదు, మధ్యాహ్నం దాకా నెమ్మదిగా, ఉప్పున్న తిండితో పాటు. మజ్జిగలో ఉప్పు, అన్నంలో సాంబారు, ఇంకేం ప్రత్యేకంగా కొనక్కర్లేదు. చాయ్ తాగొచ్చు, కొంపలేం మునగవు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తా. రేస్‌కి ముందు “ముందు జాగ్రత్తకి” అని ఐబుప్రోఫెన్ రకం నొప్పి మాత్ర వేసుకోవడం మన గ్రూపుల్లో బాగా ఉంది, టీషర్టు కిట్‌తో పాటు పంచుకున్నంత మామూలుగా. నీళ్లు తగ్గిన ఒంట్లో ఆ మాత్ర నేరుగా కిడ్నీల మీద పడుతుంది, సోడియం పడిపోయే ముప్పు కూడా పెంచుతుంది. మోకాలు అంత నొప్పిగా ఉంటే రేస్ మానేయండి, వచ్చే ఏడాది కూడా పెడతారు. రేస్ తర్వాత మూత్రం ముదురు పసుపు ఉంటే ఇంకొంచెం తాగండి, సరిపోతుంది. కోలా రంగులో వస్తే అది డీహైడ్రేషన్ కాదు, కండరం చితికి ఆ వ్యర్థం కిడ్నీల్లోకి చేరుతోందని అర్థం, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. వెళ్లగానే డాక్టర్‌కి మారథాన్ పరిగెత్తానని, ఎంత తాగానో, ఏ మాత్ర వేసుకున్నానో వాళ్లు అడగకముందే చెప్పండి.